స్టీరియోకి సబ్‌వూఫర్ కావాలా? ముందు మీ సోఫా ఎక్కడుందో చెప్పండి

"సినిమాలు చూడను, పాటలే వింటాను. ఒక ఆంప్లిఫయర్, రెండు చిన్న స్పీకర్లు ఉన్నాయి. సబ్‌వూఫర్ కొంటే లాభమా, లేక ఉన్న సంగీతం కూడా పాడవుతుందా? కొంటే ఎంత పెద్దది కొనాలి?" అని అడిగారు.

కొనండి, లాభమే. బేస్‌ని, అంటే లోతైన కింది స్వరాలని మాత్రమే పలికించే వేరు స్పీకర్ డబ్బా అది. ఎంత పెద్దది అన్నదానికి మాత్రం నా దగ్గర సూటి జవాబు లేదు. అది అసలు ప్రశ్నే కాదని, పాపం ఏ తప్పూ చేయని ఒక డబ్బాని వెనక్కి పంపించాక నాకు తెలిసింది.

నావి కూడా మీలాంటి స్పీకర్లే, ఐదంగుళాల వూఫర్‌వి (స్పీకర్‌లో కింది స్వరాలు పలికే గుండ్రటి భాగం). గొంతు, వయొలిన్, గిటార్ అన్నీ చక్కగా పలికేవి. కానీ ఆ సైజు వూఫర్ 60 హెర్ట్జ్ (సెకనుకు 60 కంపనాలు, అంకె తగ్గే కొద్దీ స్వరం లోతవుతుంది) దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. మామూలు బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగని వట్టిగా మీటితే వచ్చేది 41 హెర్ట్జ్. పియానోలో ఎడమ చివరి కీ 27.5. చిన్న స్పీకర్లలో ఆ నోట్లు అసలు వినపడవని కాదు. వాటితో పాటు పుట్టే పై స్వరాలు, అంటే హార్మోనిక్స్ వినిపిస్తాయి, మిగతాది మెదడు పూరించుకుంటుంది. పక్క గదిలో మనిషి మాట వినిపిస్తుంది, మనిషి మాత్రం కనిపించడు. అలా ఉండేది నా బేస్.

పదంగుళాల సబ్ కొన్నాను. గదిలో ఖాళీగా ఉన్నది ఒక మూలే కాబట్టి అక్కడే పెట్టాను. అందరూ చేసేది ఇదే. సబ్‌ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది చెవులు కాదు, ఖాళీ స్థలం. మొదటి సాయంత్రం పండగే. రెండో రోజు తల నొప్పి మొదలైంది.

నేను బాగా వినే ఒక పాటలో బేస్ గిటార్ ఎనిమిది నోట్లు మెట్లు దిగినట్టు దిగి, చివర ఆ 41 హెర్ట్జ్ నోట్ మీద ఆగుతుంది. ఏడు మెట్లు పద్ధతిగా దిగేది, ఎనిమిదో మెట్టు మీద దబ్బున పడేది. పడ్డాక లేచేది కూడా కాదు, తర్వాతి లైన్ మొదలైనా ఆ మోత గదిలోనే తిరుగుతుండేది. పుస్తకాల బీరువా అద్దం తలుపు జుయ్యిమని వణికేది. వాల్యూమ్ తగ్గిస్తే మిగతా ఏడూ మాయమయ్యేవి, ఎనిమిదోది మాత్రం కదిలేది కాదు.

డబ్బాలోనే లోపం ఉందని తేల్చేశాను. అమ్మినవాళ్లతో వారం రోజులు వాదించి, వేరే కంపెనీది మార్పించుకున్నాను. ఇంటికి తెచ్చి అదే మూలలో పెట్టి అదే పాట వేశాను. అదే ఎనిమిదో మెట్టు, అదే జుయ్యి. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది.

అప్పుడు టేపు తీసి గది పొడవు కొలిచాను. 14 అడుగులు, అంటే దాదాపు 4.3 మీటర్లు. ధ్వని సెకనుకు 343 మీటర్లు వెళుతుంది. గది పొడవుని రెట్టింపు చేసి దానితో 343ని భాగిస్తే 40 వస్తుంది. అంటే నా గదికి 40 హెర్ట్జ్ దగ్గర ఒక సొంత రాగం ఉంది. ఆ లావు తీగ ఎప్పుడు మీటినా గది కూడా గొంతు కలుపుతుంది. మూలలో పెట్టిన సబ్ ఆ గొంతుని అన్ని వైపుల నుంచీ ఎగదోస్తుంది. పైగా నా సోఫా వెనక గోడకి ఆనించి ఉంది. ఆ మోత అన్నిటికంటే గట్టిగా ఉండేది గోడ దగ్గరే.

దీనికి పాతకాలం నాటి ఉపాయం ఒకటుంది. సబ్‌ని మోసుకెళ్లి మనం కూర్చునే చోట, అంటే సోఫా మీద పెట్టాలి. బేస్ ఉన్న పాట వేసి, మనం నేల మీద పాకుతూ గోడల వెంట వినుకుంటూ పోవాలి. ఎక్కడ అన్ని నోట్లూ సమానంగా వినిపిస్తే సబ్‌కి అదే చోటు. నిలబడి వింటే లాభం లేదు, చెవి సబ్ ఎత్తులో ఉండాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పనికి దిగాను. సోఫా మీద నల్లటి డబ్బా అతిథిలా కూర్చుంది, నేను కింద పాకుతున్నాను. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని ఆ ఎనిమిది నోట్లని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వేస్తోంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "ఏం పోయిందండీ?" అంది. "నలభై హెర్ట్జ్" అన్నాను. ఇంకేం అడగకుండా వెళ్లిపోయింది. మూలలో చెవి పెడితే ఎనిమిదో నోట్ కపాలంలో మోగింది. పొడుగు గోడకి సరిగ్గా మధ్యలో దాదాపు మాయమైంది. మధ్య నుంచి ఒకటిన్నర అడుగు స్పీకర్ల వైపు జరిగితే ఎనిమిది మెట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి. "నాన్నా, ఇప్పుడు మెట్లు సమంగా ఉన్నాయి కదా" అని పాటతో సంబంధం లేని పిల్లే అంది. సబ్‌ని అక్కడికి మార్చి, సోఫాని గోడ నుంచి రెండడుగులు ముందుకి లాగాను. డబ్బా మార్చినా రాని తేడా ఆ రెండడుగులతో వచ్చింది.

తర్వాత క్రాసోవర్, అంటే ఏ హెర్ట్జ్ కింద నోట్లు సబ్‌కి వెళ్లాలో పెట్టే గీత. అందరూ చెప్పేది 80 హెర్ట్జ్. దాని కింద శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి అంతగా పట్టలేదు. నా సబ్ పక్క గోడ దగ్గర ఉంది కాబట్టి ఇంకా తగ్గించి 60లో పెట్టాను. సబ్ కదలికని స్పీకర్ల కదలికతో కలిపే ఫేజ్ స్విచ్‌ని సున్నాలో, 180లో మార్చి మార్చి వినండి. క్రాసోవర్ దగ్గరి నోట్లు దేనిలో నిండుగా వినిపిస్తే అది ఉంచండి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఎందుకంటే ఈ తయారీదారులందరూ నాబ్‌లన్నిటినీ గోడవైపు ఉండేలా వెనకే పెడతారు. రోజూ తిప్పాల్సినవి వెనక, ఎవరికీ అక్కర్లేని నీలం లైటు ముందు. ఆ ఆటో స్టాండ్‌బై సంగతి సరేసరి. వాల్యూమ్ తక్కువ పెట్టి వింటే మధ్యలో నిద్రపోతుంది, పాట ఊపందుకున్నాక ఠప్పున లేస్తుంది. దాన్ని ఆపేసే స్విచ్ ఉంటే ఆపేయండి.

సబ్ అంటే సినిమాలకే అనేవాళ్లని పట్టించుకోకండి. ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. 1974లో "ఎర్త్‌క్వేక్" సినిమాకి సెన్సరౌండ్ అని పెద్ద పెద్ద డబ్బాలు పెట్టి థియేటర్లు వణికించారు. అప్పటి నుంచి సబ్ అంటే భూకంపమే అని జనంలో పడిపోయింది. "సబ్ స్లోగా ఉంటుంది, స్టీరియో శుద్ధత పోతుంది" అనే పెద్దమనుషుల్లో ఒక్కరైనా సోఫా జరిపి చూశారా అని నా అనుమానం. స్లోగా ఉన్నది సబ్ కాదు, మోగడం ఆపని గది.

ఇంకో మాట. మీరు రాత్రిపూట చిన్నగా పెట్టుకుని వినేవారైతే సబ్ మీకు మరీ అవసరం. శబ్దం తగ్గే కొద్దీ మన చెవి ముందుగా వదిలేసేది బేస్‌నే. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. గట్టిగా వినేవాళ్ల కోసమే సబ్ అనుకోవడం పూర్తిగా తలకిందులు.

సైజు గురించి మరీ పట్టుబడితే ఇంతే చెప్పగలను: పెద్దది ఒకటి కొనే బదులు చిన్నవి రెండు కొని గదిలో ఎదురెదురుగా పెట్టండి. ఒకటి ఎగదోసిన మోతని రెండోది చాలావరకు కొట్టేస్తుంది. మీ ఆంప్లిఫయర్‌కి సబ్ అవుట్, అంటే సబ్‌ని తగిలించే ప్రత్యేక సాకెట్ లేకపోయినా గాభరా పడకండి. స్పీకర్ వైర్లనే కలుపుకునే ఇన్‌పుట్ ఉన్న సబ్‌లు దొరుకుతాయి. నేనింకా ఒక్కదానితోనే ఉన్నాను. రెండోది తెస్తానంటే "ఈసారి ఎవరు పాకుతారు?" అని మా అమ్మాయి అడుగుతోంది.

బీరువా అద్దం వణక్కుండా దాని సందులో అప్పుడు దోపిన మడత కాగితం ఇంకా అలాగే ఉంది. తీసి చూడాలని మాత్రం అనిపించలేదు. గది పొడవు, వెడల్పు, సోఫా ఎక్కడుందో కింద రాయండి. ఏ మోడల్ అన్నది తర్వాత చూద్దాం.