నల్ల ఫిల్ముతో పాటు వెనక అద్దం గీతలూ పోయాయి

ప్రశ్న: మాది తిరుపతి. మూడు నెలల క్రితం తెలిసినాయన దగ్గర 2014 మోడల్ కారు కొన్నాను. అద్దాలకు పాత నల్ల ఫిల్ము ఉంది. కొండకు వెళ్తుంటే అలిపిరిలో పోలీసులు ఆపి చలానా రాశారు. పక్క అద్దాల ఫిల్మును అక్కడే చింపేశారు. మిగిలింది తీయమని కార్ల ఉపకరణాల దుకాణంలో ఇస్తే, వెనక అద్దాన్ని బ్లేడుతో గీకారు. అద్దం మీది మంచు తెరను పోగొట్టే డీఫాగర్ గీతలు తెగి అది పనిచేయడం లేదు. పోలీసులు చింపవచ్చా? కొత్త అద్దం ఖర్చు ఎవరిని అడగాలి?
- ఒక పాఠకుడు

జవాబు: పోలీసులు చింపవచ్చు. అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనే ఆ మాట ఉంది: చలానా రాయాలి, ఫిల్మునూ తొలగించాలి. మీ కారు తయారయ్యేనాటికే నిషేధం ఉంది కాబట్టి, ఆ ఫిల్ము అంటించిన రోజు నుంచే అది చట్టవిరుద్ధం. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి. ఆ లెక్కకు సరిపోయే లేత రంగు అద్దం కంపెనీ నుంచే వస్తే ఇబ్బంది లేదు. పైన ఫిల్ము అంటించడమే తప్పు. పలచటి ఫిల్మయితే ఫరవాలేదా అన్న ప్రశ్నకు కూడా కోర్టు అదే ఏడాది ఆగస్టులో కాదని తేల్చింది. మినహాయింపు జడ్, జడ్ ప్లస్ భద్రత ఉన్నవారికే. మనకెవరికీ ఆ యోగం లేదు.

నిబంధన తర్వాత మారిందంటూ 2024లో కేరళ హైకోర్టు ప్రమాణాలకు తగిన ఫిల్మును అనుమతించిన మాట నిజమే. దుకాణదారులు ఆ తీర్పు చూపించి కొత్తది అంటిస్తామనవచ్చు. అది మన రాష్ట్రంలో పోలీసులను కట్టిపడేసే తీర్పు కాదు. మళ్లీ దొరికితే మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద జరిమానా 1,500 రూపాయల దాకా పోతుంది.

పాత యజమానిని వదిలేయండి. కంటికి ఎదురుగా కనిపిస్తున్న ఫిల్మును చూసే కారు కొన్నారు. ఆయన వ్యాపారి కూడా కాదు కనుక వినియోగదారుల చట్టం ఆయన మీద పనిచేయదు. అయితే ఆర్‌సీ మీ పేరుకు మారిందా? అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. మారకపోతే మీరు చేసిన తప్పులకు చలానాలు ఆయన ఫోనుకు వెళ్తుంటాయి.

మీకు అసలు బలం ఉన్నది దుకాణం విషయంలోనే. ఒకరి వస్తువును పనికోసం తీసుకున్నవాడు, తన సొంత వస్తువును జాగ్రత్తపరుడు ఎలా చూసుకుంటాడో అలా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ అంటుంది. వెనక అద్దం లోపలి వైపు కనిపించే ఆ సన్నని గీతలు కరెంటు తీగలతో సమానం. వాటి మీద అడ్డంగా బ్లేడు నడిపితే తెగుతాయని ఆ పనిలో ఉన్నవాడికి తెలియకుండా ఉండదు. ఫిల్మును వేడి చేసి మెల్లగా లాగి, మిగిలిన జిగురును సబ్బునీళ్లతో నానబెట్టి గీతల వెంటే తుడవాలి. ‘నష్టానికి మాది బాధ్యత కాదు’ అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన అజాగ్రత్త మాఫీ కాదు.

చిక్కంతా రుజువు దగ్గరే. బిల్లు తీసుకున్నట్టు మీరు రాయలేదు. మన ఊళ్లో ఎవరు తీసుకుంటారు కనుక! ఫోనులో డబ్బు పంపి ఉంటే ఆ రికార్డు, దుకాణం వాళ్లతో నడిచిన సందేశాలు, తెగిన గీతల ఫోటోలు దాచండి. డీఫాగర్ ఎందుకు పనిచేయడం లేదో వేరే మెకానిక్ చేత కాగితం మీద రాయించుకోండి. తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి చెప్పవచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నా వృత్తికి నష్టమే అయినా చెబుతున్నాను.

ఒక్క జాగ్రత్త. తెగిన గీతలను కరెంటు ప్రసరించే పెయింటుతో అతికించే పద్ధతి ఉంది. అది సాధ్యమై ఉండగా నేరుగా కొత్త అద్దం ఖర్చు అడిగితే, నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం ఏం చేశారని కమిషన్ అడుగుతుంది. అతికించడం కుదరదని తేలితేనే అద్దం మార్చండి, మార్చినా పాత అద్దాన్ని కేసు ముగిసేదాకా పారేయకండి.