శనివారం వదిలేయండి, ఆదివారం మధ్యాహ్నం చేరండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో నలుగురు పెద్దలం, ఇద్దరు పిల్లలం కలిసి వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున రెండు రాత్రులు టెంట్లలో ఉండాలనుకుంటున్నాం. డిసెంబర్ చివరి శనివారం పోతే చీకటి పడ్డాక చేరాం, మంచి జాగ దొరకలేదు. దొరికిన చోట వేస్తే అర్ధరాత్రి గాలికి పెగ్గులన్నీ ఊడొచ్చాయి. ఈసారి ఎట్లా వెళ్లాలి? – నల్గొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రోజు మార్చండి. హైదరాబాద్ బండ్లు శనివారం మధ్యాహ్నం నుంచి దిగడం మొదలై ఆదివారం భోజనాలయ్యాక తిరుగుముఖం పడతాయి. మీకు సెలవులున్నాయి కాబట్టి ఆదివారం రెండు, మూడు గంటలకు చేరి మంగళవారం పొద్దున తిరిగి రండి. అదే ఒడ్డు, సగం జనం. కొండమల్లేపల్లి మీదుగా వెళ్తారు కాబట్టి పండుగకు ముందు విజయవాడ హైవే మీద ఉండే రద్దీ మీకు తగలదు. కానీ చీకటి పడ్డాక చేరే ప్రయాణం మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. జాగ ఎంచుకోవడం వెలుతురులో చేసే పని.

ఎంచుకునేటప్పుడు నీళ్లకు ఎంత దూరం అని కాదు, ఎంత ఎత్తు అని చూడండి. అక్కడ ఒడ్డు చాలా చోట్ల చదును. యాభై అడుగులకు ఒక్క అడుగు వాలు ఉన్న చోట నీటిమట్టం ఒక్క అడుగు పెరిగితే నీళ్లు యాభై అడుగులు ముందుకొస్తాయి. ఎగువన శ్రీశైలం నుంచి వదిలే నీటిని బట్టి సాగర్ మట్టం మారుతుంది, మీ దగ్గర వాన పడనక్కర్లేదు. అందుకని నీటి అంచుకన్నా కనీసం నడుమెత్తు పైన ఉన్న జాగ చూసుకోండి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకునే ముందు ఒకసారి చూడండి. పుల్ల నీళ్లలోకి వెళ్లిందంటే అప్పుడే సర్దుకోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

జనవరిలో సాధారణంగా నీళ్లు వెనక్కి తగ్గుతూ ఉంటాయి. అప్పుడు బయటపడ్డ ఒండ్రు పైకి పెంకులు పెంకులుగా ఎండి గట్టిగా కనిపిస్తుంది, లోపల మాత్రం బురదే. మడమతో గట్టిగా తొక్కి చూడండి. తడి ఊరినా, నేల మెత్తగా ఊగినా కారు అటు దించకండి. దిగబడ్డాక ఎక్సిలేటర్ తొక్కితే చక్రం ఇంకా లోపలికే తవ్వుకుంటుంది. ఊరి నుంచి ట్రాక్టర్ రావాల్సిందే. ఇంకో మాట, ఒడ్డున ఉన్న భూములన్నీ సర్కారువే అనుకోవద్దు. పక్కన పైరు ఉంటే ఆ రైతును అడిగి, ఒప్పుకున్నాకే టెంటు దించండి.

ఇక పెగ్గులు. టెంటుతో వచ్చే సన్నటి ఇనుప పెగ్గులు గట్టి నేల కోసం చేసినవి. ఒండ్రులో, ఇసుకలో అవి పట్టు ఇవ్వవు. నిలువుగా దిగ్గొడితే మరీ తేలిగ్గా ఊడతాయి. పెగ్గు తల టెంటుకు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా కొట్టాలి, అప్పుడు తాడు లాగినకొద్దీ బిగుస్తుంది. అప్పటికీ ఆగని నేల అయితే మూరెడు కట్టె తీసుకుని, మధ్యలో తాడు కట్టి, అడుగు లోతు గుంతలో అడ్డంగా పడుకోబెట్టి, మట్టి వేసి తొక్కేయండి. కట్టె దొరక్కపోతే ఖాళీ సిమెంటు సంచిలో ఇసుక నింపి అట్లాగే పూడ్చవచ్చు. నాలుగు మూలలకు నాలుగు సంచులు కారు డిక్కీలో ఓ మూల పడి ఉంటాయి, బరువేమీ కాదు. టెంటు తలుపు గాలికి ఎదురుగా పెట్టకండి.

ప్రశ్న: వాన చినుకు లేదు, అయినా పొద్దున లేచేసరికి టెంటు లోపల బట్టలన్నీ తడి. టెంటు కారుతోందా? – మిర్యాలగూడ

జవాబు: కారడం లేదు, అది మీ ఊపిరే. చలికాలంలో బయటి చల్లదనానికి టెంటు గుడ్డ చల్లబడుతుంది, లోపలి మనుషుల ఊపిరిలోని ఆవిరి దానికి తగిలి నీటి బొట్లవుతుంది. చలి అని జిప్పులన్నీ మూసేస్తే ఇదే జరుగుతుంది. పైన ఉండే జాలీ కిటికీలు కొంచెమైనా తెరిచి ఉంచండి. బయటి కవర్ లోపలి గుడ్డకు అంటుకోకుండా తాళ్లతో బిగుతుగా లాగి కట్టండి, రెండింటి మధ్య జానెడు సందు ఉండాలి. ఇద్దరి టెంటులో ముగ్గురు పడుకుంటే గోడకు ఒరగక తప్పదు, ఒరిగిన చోట దుప్పటి తడుస్తుంది. కింద పరిచే టార్పాలిన్ కూడా చూసుకోండి. టెంటు అంచు దాటి బయటికి వచ్చిందంటే పైనుంచి జారిన మంచు నీళ్లన్నీ దాని మీద పడి అడుగుకు చేరతాయి. నాలుగు వైపులా లోపలికి మడిచేయండి.

ప్రశ్న: మన్ననూరు దాటాక అడవిలో రోడ్డు పక్కన టెంటు వేసుకోవచ్చా? శివరాత్రి ముందు శ్రీశైలం వెళ్లి వస్తూ ఒక రాత్రి ఉండాలని ఉంది. – మహబూబ్‌నగర్

జవాబు: వేసుకోకూడదు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, మంట పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు కూడా. శ్రీశైలం నుంచి మన్ననూరుకు సుమారు 75 కిలోమీటర్లు, అందులో ఘాట్ ఉంది. శివరాత్రి ముందు రోజుల్లో కాలినడక భక్తులు రోడ్డు మీదే ఉంటారు కాబట్టి వేగంగా పోలేరు. సాయంత్రం ఆరింటికల్లా శ్రీశైలం నుంచి కదలండి, లేదా ఆ రాత్రి అక్కడే ఆగండి.

అడవిలో ఉండాలన్న కోరిక అయితే మన్ననూరులో అటవీ శాఖ వసతి గదులు, సఫారీ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి, సెలవు రోజుల్లో అప్పటికప్పుడు వెళ్తే దొరకవు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఉండదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఇంట్లోనే వదిలి స్టీలు సీసాలు పట్టుకెళ్లండి. దారిలో కోతులకు అరటిపండు విసరవద్దు. అది అలవాటయ్యాకే అవి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతున్నాయి.

ప్రశ్న: సోమశిల దగ్గర పది మందిమి ఒక రాత్రి ఉంటాం. నీళ్లు, వంట సామాను ఎంత తీసుకెళ్లాలి? – వనపర్తి

జవాబు: మనిషికి రోజుకు తాగడానికి మూడు లీటర్లు, వంటకు రెండు లీటర్లు లెక్క వేయండి. పది మందికి రోజున్నరకు 75 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. కారులో క్యాన్లు నిలబెట్టి తాడు కట్టండి, పడుకోబెడితే మూత దగ్గర కారతాయి. నాలుగోది చివరిదాకా తెరవకండి. గిన్నెలు నది నీళ్లతో కడుక్కోవచ్చు, కానీ ఆ సబ్బు నీళ్లు నదిలో కాకుండా ఒడ్డుకు దూరంగా పారబోయండి.

బియ్యం పూటకు కిలోంపావు చాలు. రాత్రికి అన్నం, కోడిగుడ్ల కూర, పచ్చిపులుసు పెట్టుకోండి. పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేస్తే అయిపోతుంది. పొద్దున ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టె, తొక్కు. ఈ వంటకు 5 కిలోల చిన్న సిలిండర్ బాగా మిగులుతుంది. అసలు తిప్పలు గాలితో. మంట పక్కకు పోయి గిన్నె వేడెక్కదు, అరగంటలో ఉడకాల్సిన అన్నం గంటైనా ఉడకదు. బర్నర్‌కు మూడు వైపులా రాళ్లు పేర్చండి. సిలిండర్ మీద నేరుగా బిగించే పొయ్యి అయితే ఆ రాళ్లు సిలిండర్‌ను చుట్టేయకూడదు, వేడి లోపలే నిలిచి సిలిండర్ కాగుతుంది. చలి అని పొయ్యిని గానీ బొగ్గుల కుంపటిని గానీ టెంటులోకి తేవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట నెగడు వేస్తే ఆర్పేటప్పుడు ఇసుక కప్పి వదిలేయకండి. ఇసుక కింద నిప్పులు పొద్దున దాకా ఉంటాయి, ఉత్త కాళ్లతో పరిగెత్తే పిల్లలు వాటి మీదే కాలు పెడతారు. నీళ్లు పోసి, కట్టెతో కలిపి, మళ్లీ పోయండి.

ప్రశ్న: సోమశిలలో ఈత కొట్టవచ్చా? – కొల్లాపూర్

జవాబు: వద్దు. అది శ్రీశైలం జలాశయపు వెనక నీళ్లు, కింద మునిగిన పొలాలు, బావులు, చెట్ల మోళ్లు ఉంటాయి. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతు రావచ్చు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి పైకి వస్తోందంటే అది వదులు, నీళ్లలో మనిషి కిందికి జారిపోతాడు.

ప్రశ్న: నాగార్జునకొండ శుక్రవారం వెళ్తే? – హాలియా

జవాబు: శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది. గురువారం గానీ శనివారం గానీ పెట్టుకోండి.