ముందు ఫ్యూజు, తర్వాతే బ్యాటరీ

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మీ పాలిటెక్నిక్‌లో సోలార్ ల్యాబ్‌కి రెడీమేడ్ కిట్లు కొనకుండా పిల్లల చేతే చేయిస్తానన్నావట. ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే మీ నాన్న గొంతు పొంగిపోయింది. నాకూ సంతోషమే. కాకపోతే రాత్రి పడుకున్నాక బ్యాటరీ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ప్యానెల్ కొనడం పెద్ద పనేం కాదు. 10 వాట్లది, 36 సెల్స్ ఉన్నది తీసుకో. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే రకమే చాలు. వెనక స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏమీ తగిలించనప్పటిది) 21, 22 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ కరెంట్ (రెండు కొనలూ నేరుగా కలిపినప్పటిది) 0.6 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటాయి. ఆ స్టిక్కర్‌ని చిరగనివ్వకు, ప్రతి రీడింగునూ దానితోనే పోల్చాలి.

లోడ్ కోసం, అంటే ప్యానెల్ ఇచ్చే కరెంటుని ఖర్చుపెట్టే భాగానికి, రేడియో వాల్యూమ్ తిప్పే రకం పొటెన్షియోమీటర్ పెట్టకు. పావు వాట్, 1 కిలో ఓము పొటెన్షియోమీటర్ తట్టుకునేది 16 మిల్లీ ఆంపియర్లే. నువ్వు పంపేది 600. ఒక మూలకి తిప్పగానే లోపలి ట్రాక్ కాలిపోతుంది. ‘25 వాట్ల వైర్‌వౌండ్ (తీగ చుట్టిన) రకం ఉందిగా’ అంటావేమో. 100 ఓములది అయితే దాని హద్దు అర ఆంపియరు, అదీ చాలదు. 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు తెచ్చి 5 నుంచి 220 ఓముల దాకా వరసగా బిగించు. అసలు సంగతి 22కీ 47కీ మధ్య ఉంది. వోల్టేజి, కరెంట్ల గ్రాఫు వంపు తిరిగేది, ప్యానెల్ పూర్తి శక్తి ఇచ్చేది దాదాపు 30 ఓముల దగ్గరే, కాబట్టి అక్కడే ఎక్కువ రీడింగులు తీయించు. ఆ చోట రెసిస్టర్ మీద దాదాపు 10 వాట్లూ పడతాయి. ఒక్క 33 ఓముల దాని బదులు రెండు 68 ఓములవి పారలల్‌గా వేస్తే బరువు సగం సగం పంచుకుంటాయి. ప్లైవుడ్‌కి ఆనించకుండా సెంటీమీటరు పైకి లేపి బిగించు. చురుక్కుమనేంత వేడెక్కుతాయి.

ఇక నా భయం సంగతి. నేను చేసిన మొదటి బోర్డు చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ప్యానెల్‌కి ఎర్ర సాకెట్, నల్ల సాకెట్. పక్కనే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీకీ అవే సాకెట్లు. తప్పంతా అక్కడే ఉంది. మొదటి ప్రయోగంలో మనమే పిల్లలకి ఏం నేర్పుతాం? ‘మీటర్‌ని 10 ఆంపియర్లలో పెట్టు, ఎర్ర ప్రోబ్ ఇక్కడ, నల్ల ప్రోబ్ అక్కడ ఆనించు, షార్ట్ సర్క్యూట్ కరెంట్ రాసుకో’ అని. ప్యానెల్‌కి దానివల్ల ఏమీ కాదు, 0.6 ఆంపియర్లు దాటి ఇవ్వడం దానికి చేతకాదు. ఆ అలవాటుతోనే చెయ్యి జానెడు పక్కకి, బ్యాటరీ సాకెట్ల మీదికి, జరుగుతుంది. ఆ బ్యాటరీ లోపలి నిరోధం ఓములో నలభయ్యో వంతు లాంటిది. మీటర్ తీగలు కొంత అడ్డుకున్నా పదుల ఆంపియర్లు పారతాయి. మూడు వందల రూపాయల మీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల దారిలో ఫ్యూజే ఉండదు, సాకెట్ పక్కనే ఆ మాట రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ప్రోబ్ కొన కరుగుతుంది, తీగ మీద ప్లాస్టిక్ చేతికి అంటుకుంటుంది. ఇందులో కుర్రాణ్ణి తిట్టడానికేం లేదు, మనం నేర్పిన పనే వాడు చేశాడు.

అందుకని మీటర్‌ని ఆంపియర్లలో అసలు వాడనివ్వకు. ప్యానెల్ మైనస్ దారిలో 0.1 ఓము, 5 వాట్ల రెసిస్టర్‌ని సోల్డర్ చెయ్యి. దాని మీద వోల్టేజిని 200 మిల్లీవోల్ట్ రేంజిలో చూస్తే 60 మిల్లీవోల్టులంటే 0.6 ఆంపియర్లు. కొలిచే రెండు సన్న తీగల్ని రెసిస్టర్ కాళ్ల మొదట్లోనే అతికించు. సాకెట్ దగ్గర్నుంచి తీశావంటే అక్కడి కాంటాక్టులో 0.05 ఓము చేరినా సరే, రీడింగు ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఎర్ర ప్రోబ్ వోల్ట్ రంధ్రంలోంచి కదలదు. 10 ఆంపియర్ల రంధ్రంలో ఎం-సీల్ కుక్కెయ్. స్టోర్ కీపర్ గొణుగుతాడు, గొణగనీ.

బ్యాటరీ మూతున్న డబ్బాలో ఉండాలి, కొనలు బయటికి కనబడకూడదు. బండి మెకానిక్ దగ్గర దొరికే బ్లేడ్ ఫ్యూజు, 3 ఆంపియర్లది, ప్లస్ కొనకి బెత్తెడు లోపే పెట్టు. ఫ్యూజుకి ముందున్న తీగని ఏదీ కాపాడదు కదా. ఇంకో మాట, గోడకి పెట్టే రెండు పిన్నుల ప్లగ్‌ని బ్యాటరీ తీగకి ఎప్పుడూ తగిలించకు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్ని గోడలో గుచ్చుతారు.

ఎల్‌ఈడీ బల్బు కింద ప్రయోగం చేయించకు, కరెంట్ చాలా తక్కువ వస్తుంది. ఎండలోకి తీసుకెళ్లు. స్టిక్కర్ అంకెలు 25 డిగ్రీలకి రాసినవి, రెంటచింతల ఎండలాంటి ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలకి చేరితే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి రెండున్నర వోల్టుల పైనే పడిపోతుంది. ప్యానెల్ పాడైందని గాభరా పడకు. 36 సెల్స్‌లో ఒక్కోటి డిగ్రీకి 2 మిల్లీవోల్టుల పైచిలుకు పోగొడుతుంది, ఆ లెక్క వాళ్ల చేతే వేయించు. ఎండ కొలిచే మీటర్ లేదని ఆగొద్దు. స్టిక్కర్ అంకెలు చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండకి రాసినవి, కాబట్టి దాని మీద 0.6 ఉండి నీకు 0.48 వస్తే చదరపు మీటరుకి 800 వాట్లన్నమాట. చివర్లో ఒక్క సెల్‌ని అట్టముక్కతో పూర్తిగా మూసి, లోడ్ మీద కరెంట్ ఎలా కూలిపోతుందో చూపించు, వెంటనే తీసెయ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం అదే, ఖర్చు అట్టముక్క.

గాలిమర కూడా చేస్తానన్నావట. బొమ్మ మోటారు కొనకు, నిమిషానికి మూడు వందల చుట్లకి అది ఒక వోల్టు ఇస్తే గొప్ప, ఎల్‌ఈడీ వెలగదు. పాత ప్రింటర్‌లోని స్టెప్పర్ మోటారు మెల్లగా తిప్పినా వోల్టేజి బాగా ఇస్తుంది. వచ్చేది ఏసీ కాబట్టి ఒక్కో కాయిల్‌కి ఒక బ్రిడ్జి రెక్టిఫయర్, అంటే ఏసీని డీసీ చేసేది, వెయ్యి. లోడ్ పెట్టకుండా వోల్టేజి చూసి మురిసిపోనివ్వకు. రెక్కలు పీవీసీ పైపుతో కోసేటప్పుడు అంచులు అరగదీయించు, తిరిగేటప్పుడు ఎవరూ వాటి ఎదురుగా నిలబడకూడదు.

ఎండలో టోపీ పెట్టుకో, తలనొప్పి వస్తుందని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. బోర్డు అయ్యాక ఫొటో పంపు. ముందు వైపు కాదు, వెనక వైపుది, ఫ్యూజు కనబడేలా తియ్యి.

మీ పెదనాన్న