చిన్నీ, ఆ చార్టును పక్కకు లాగకు

చిన్నీ,

వచ్చే గురువారం బోర్డు ముందు పవర్‌పాయింట్ ప్రజెంటేషన్ ఇచ్చేది నువ్వేనని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒక్క నిమిషం నాకు మాట రాలేదు. నేను స్లైడ్లు చేసుకుంటుంటే కుర్చీ వెనక నిలబడి "ఆ నీలం గీత ఎందుకు కిందికి పోయింది పెద్దమ్మా?" అని అడిగిన పిల్లవి నువ్వు. రాత్రి ఆ సంతోషంతోనే పడుకోబోతుంటే నీ మెసేజ్ వచ్చింది. చార్టు ఫోటో పెట్టి, "అక్షరాలు ఇలా అణిగిపోయాయేంటి, ఫాంట్ మార్చినా పోవట్లేదు" అని రాశావు. ఆ ఫోటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

ఫాంట్ సంగతి కాసేపు పక్కన పెట్టు. చార్టులో ఏదైనా ఒక లేబుల్ మీద క్లిక్ చెయ్. ఆ లేబుల్ చుట్టూ పెట్టె పడి, పైన చార్ట్ డిజైన్ అనే ట్యాబ్ వస్తే అది నిజమైన చార్టు. ఎక్కడ నొక్కినా మొత్తం బొమ్మే సెలెక్ట్ అయి, పైన పిక్చర్ ఫార్మాట్ వస్తే అది చార్టు కాదు, చార్టు ఫోటో. ఫోటోకి ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా ఏం మారుతుంది? నువ్వు గంటసేపు చేసింది అదే అనుకుంటాను. మూడోది కూడా ఒకటుంది. డబుల్ క్లిక్ చేస్తే స్లైడులోనే ఎక్సెల్ తెరుచుకుంటే అది ఎక్సెల్ ఆబ్జెక్ట్. లోపల డేటా ఉన్నా, స్లైడు మీద కనిపించేది దాని బొమ్మే. కాబట్టి లాగితే అదీ సాగుతుంది. నిజమైన చార్టును ఎంత లాగినా అక్షరం ఆకారం చెడదు. చోటు చాలకపోతే లేబుల్స్ ఏటవాలుగా తిరుగుతాయి, లేదా ఒకటి వదిలి ఒకటి కనిపిస్తాయి, అంతే.

నీది ఫోటోయే అని నా అనుమానం. దాని మీద రైట్ క్లిక్ చేసి సైజ్ అండ్ పొజిషన్‌లోకి వెళ్లు. అక్కడ స్కేల్ హైట్, స్కేల్ విడ్త్ అని రెండు అంకెలుంటాయి. రెండూ ఒకటే ఉండాలి. ఒకటి 100, ఇంకోటి 75 అని ఉంటే నీ అక్షరాలు అణిగింది అందుకే. రీసెట్ నొక్కు, ఎత్తు వెడల్పుల పొంతన చెడకుండా లాక్ యాస్పెక్ట్ రేషియోకి టిక్ పెట్టు, ఇక మూల పట్టుకునే లాగు. పక్క అంచు పట్టుకుని మాత్రం లాగకు చిన్నీ. చోటు నిండలేదని ఆ పని చేస్తారు అందరూ. చోటు ఖాళీగా ఉంటే ఉండనీ.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ తప్పు నేను చేశాను. ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పలేదు.

2010లో మా ఆఫీసులో వార్షిక సమీక్ష. చెప్పేది మా సార్, స్లైడ్లు చేసేది నేను. ఆరు యూనిట్లలో నష్టం ఎంత శాతమో చూపించే ఒక చార్టు ఉంది. 1.2, 1.5, 1.8 అలాంటి అంకెలు. అంకెలు ఎవరూ మార్చకూడదని ఎక్సెల్‌లో చేసిన ఆ చార్టును జేపెగ్ ఫోటోగా సేవ్ చేసి స్లైడులో పెట్టాను. అదే జాగ్రత్త అనుకున్నాను. ముందురోజు సాయంత్రం, హాల్లో ఉన్నది వెడల్పు తెర అని కబురొచ్చింది. పేజ్ సెటప్‌లోకి వెళ్లి స్లైడు వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3 తీసేసి 16:9 పెట్టాను. ఆ రోజుల్లో ఆ మార్పుకి స్లైడు వెడల్పు 10 అంగుళాలు అలాగే ఉండి, ఎత్తు మాత్రం 7.5 నుంచి 5.63కి పడిపోయేది. లోపలున్న ఫోటోలన్నీ ఎత్తులో పావు వంతు అణిగిపోయేవి. నేను టైప్ చేసిన శీర్షికలు, పాయింట్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమ పక్క చిన్న బొమ్మల వరసలో చూసుకున్నాను, అంతా బాగానే కనిపించింది. ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు హాల్లో నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆ స్లైడు వచ్చింది. జేపెగ్‌లో అక్షరాల అంచుల చుట్టూ ఒక బూడిదరంగు మసక ఉంటుంది కదా, పెద్ద తెర మీద అదంతా పరుచుకుంది. 1కీ 5కీ మధ్య చుక్క ఆ మసకలో కలిసిపోయింది. ముందు వరసలో ఉన్న పెద్దాయన "15 శాతమా?" అన్నారు. సార్ తెర వైపు తిరిగారు. పక్కన స్కేలు మీది అంకెలు చూసి చెప్పొచ్చు కదా అనుకుంటావేమో, వాటి చుక్కలు కూడా పోయాయి. సార్‌కి ఆ అంకె తెలుసు. కానీ అంతమంది ముందు తెర ఒకటి చూపిస్తుంటే ఆయనా తడబడ్డారు. "రాతపూర్వకంగా పంపిస్తాను" అన్నారు. ఎక్సెల్ ఫైలు నా డెస్క్ మీది కంప్యూటర్లో ఉంది, నా చేతిలో లేదు. తర్వాత స్లైడ్లు ఎన్ని చూపించినా ఎవరూ సరిగ్గా వినలేదు, ఆ పదిహేను దగ్గరే ఆగిపోయారు.

సార్ నన్ను ఒక్క మాట అనలేదు. బయటికి వస్తూ "ఒరిజినల్ ఎక్కడుందమ్మా?" అని మాత్రం అడిగారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏ మీటింగుకీ ఎక్సెల్ ఫైలు లేకుండా వెళ్లలేదు నేను. నువ్వూ పెన్ డ్రైవ్‌లో పెట్టుకో, నీకు నువ్వే మెయిల్ కూడా చేసుకో.

కాబట్టి రీసెట్‌తో ఆకారం సరైనా, ఆ ఫోటోతో సరిపెట్టుకోకు. ఇన్సర్ట్, చార్ట్ నొక్కి, ఆ అంకెలు మళ్లీ టైప్ చెయ్. పది నిమిషాల పని. ఎక్సెల్ నుంచి చార్టు తెచ్చుకుంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో: ఎంబెడ్ వర్క్‌బుక్ అని పేస్ట్ చేస్తే ఆ ఎక్సెల్ ఫైలు మొత్తం స్లైడుతో పాటే వెళ్తుంది, ఫైలు అందుకున్నవాళ్లు మిగతా షీట్లన్నీ తెరిచి చూడొచ్చు. జీతాల షీటు పక్కనే ఉంటే ఏమవుతుందో ఆలోచించు. అందుకే కావలసిన అంకెలు మాత్రమే టైప్ చెయ్యమంటున్నాను. తప్పనిసరై ఫోటోయే పెట్టాల్సి వస్తే జేపెగ్ వద్దు, అంచుల్లో ఆ మసక రాని పీఎన్‌జీ పెట్టు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఫోటోలు కంప్రెస్ చెయ్యొద్దు అనే ఆప్షన్‌కి టిక్ కూడా పెట్టు.

నిజమైన చార్టు పెట్టాక కూడా అక్షరాలు తేడాగా ఉంటే, అప్పుడు ఫాంట్ దగ్గరికి రా. చార్టు మీద రైట్ క్లిక్ చేసి రీసెట్ టు మ్యాచ్ స్టైల్ నొక్కితే నీడలు, మెరుపులు లాంటివి పోతాయి. తెలుగు లేబుల్స్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కానీ ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోనే టైప్ చెయ్యి. అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. విండోస్‌లో నిర్మలా యూఐ అనే ఫాంట్ ఉంటుంది. వేరే ఫాంట్ ముద్దొస్తే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ఫాంట్లను ఫైల్లోనే ఎంబెడ్ చేసే ఆప్షన్‌కి టిక్ పెట్టు. కొన్ని ఫాంట్ల లైసెన్స్ అందుకు ఒప్పుకోదు, అవి వాడకు. మన ఒత్తులు కిందికి దిగుతాయి కదా, లేబుల్‌కి కింద కాస్త చోటు వదులు. పేర్లు పొడుగ్గా ఉంటే నిలువు స్తంభాల చార్టు మానేసి అడ్డం బార్ల చార్టు పెట్టు, మెడ వంచి చదవక్కర్లేదు.

తప్పు ఫైల్లో ఉందో తెరలో ఉందో తెలియకపోతే పీడీఎఫ్‌గా సేవ్ చేసి 400 శాతానికి పెంచి చూడు. అక్కడ అంచులు నున్నగా ఉండి తెర మీద మాత్రమే మసగ్గా ఉంటే, ప్రొజెక్టర్ రిజల్యూషన్ సరిచూడమని అక్కడి మనిషిని అడుగు. అడగడానికి మొహమాటపడకు. ఆ పీడీఎఫ్ కూడా వెంట ఉంచుకో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓహెచ్‌పీ అనే పాత ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్ల మీద మార్కర్ పెన్నుతో రాసేవాళ్లం. కింద గళ్ల కాగితం పెట్టుకుని ఒక్కో అక్షరం కొలిచి రాసేదాన్ని. చుక్క పెట్టాల్సిన చోట పెన్ను ఆనించి రెండుసార్లు తిప్పేదాన్ని, నల్లగా గుండ్రంగా పడాలని. నీ చార్టులో చుక్క దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు అక్కడే ఆగిపోయాయి, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. నువ్వు నాకంటే తెలివైనదానివి, బాగా చెప్తావు, దాని గురించి నాకు బెంగ లేదు.

గురువారం అరగంట ముందే హాల్లోకి వెళ్లు. ఎఫ్5 నొక్కి స్లైడ్‌షో మొదలుపెట్టి, అంకెలున్న స్లైడు దగ్గర ఆపి, నడుచుకుంటూ ఆఖరి వరసకి వెళ్లి కూర్చో. అక్కణ్నుంచి ప్రతి అంకె, ప్రతి చుక్క పైకి చదువు. అన్నీ కనిపించాక నాకు ఒక్క మెసేజ్ పెట్టు, ఆ రోజు ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ