పాత వాల్‌పేపర్ మీదే పుట్టీ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పాతికేళ్ల ఇల్లు. హాల్లో ఒక గోడకి వేయించిన వాల్‌పేపర్ అంచులు లేచిపోయాయి. సంక్రాంతిలోపు రంగులు వేయించాలి. పెయింటర్ ‘‘దాని మీదే పుట్టీ లాగేద్దాం అమ్మా’’ అంటున్నాడు. తలుపుల పాత రంగు కూడా గీకాలట. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: వద్దండీ, అస్సలు ఒప్పుకోకండి. పుట్టీ తడికి లోపలి జిగురు నాని బుడగలు లేస్తాయి, ఆనక పుట్టీతో సహా ఊడొస్తుంది. ముందు ఒక మూల పట్టుకుని లాగండి, పైన వినైల్ (ప్లాస్టిక్) పొర విడిగా వచ్చేస్తే సగం పని అయినట్టే. మిగిలిన కాగితానికి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త కలిపి స్పాంజితో పట్టించి, పావుగంట ఆగి, పుట్టీ బ్లేడుని వాలుగా పెట్టి గీకితే మెత్తగా వచ్చేస్తుంది. ఆ ఆగడమే మనవాళ్లకి చేతకాదు, రెండో నిమిషానికే గీకేసి గోడకి గుంటలు పెడతారు. స్విచ్‌బోర్డు ఉంటే మెయిన్ ఆపాకే నీళ్లు! తర్వాత గోడ తడిగా ఉన్నప్పుడు చేత్తో రాసి చూడండి, జారుడుగా తగిలితే ఇంకా జిగురు ఉన్నట్టే, మళ్లీ కడిగి బాగా ఆరనివ్వాలి.

తలుపుల విషయంలోనే నాకు టెన్షన్. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, మీ పాత రంగులో అది ఎక్కువే ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకి విషం. పొడిగా రుద్దనివ్వకండి, మంటతో కాల్చనివ్వకండి. తడిపి వాటర్ పేపర్‌తో (తడిలో వాడే గరుకు కాగితం) రుద్దించి, రాలిన పొడిని తడిగుడ్డతో తీయించండి. ఆ రెండు రోజులూ పిల్లల్ని అమ్మమ్మ గారింటికి పంపేయండి. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే అంతా గీకక్కర్లేదు, మెరుపు పోతే చాలు.