ఎలక్ట్రిక్ కారుకు మెయింటెనెన్స్ ఉండదా? ముందు వైపర్ రబ్బరు పట్టుకుని చూడండి

"ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నాను. మెయింటెనెన్స్ దాదాపు ఏమీ ఉండదని షోరూంలో చెప్పారు. నిజమేనా? ఇంట్లో మనం చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. మూడున్నరేళ్ళుగా ఎలక్ట్రిక్ కారే నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. షోరూం వాళ్ళ మాటలో సగమే నిజం. ఇంజన్ ఆయిల్ లేదు, ఆయిల్ ఫిల్టర్ లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు, క్లచ్ లేదు. ఆ ఖర్చు మిగిలిన మాట వాస్తవం. మిగతా సగం నమ్మినందుకే ఒక రాత్రి హైవే మీద అమ్మానాన్నలతో సహా ప్రమాదం అంచు దాకా వెళ్ళొచ్చాను.

పెట్రోల్ కారు ఉన్న రోజుల్లో ఆయిల్ మార్చాలనో, పికప్ తగ్గిందనో మూడు నాలుగు నెలలకోసారి మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్ళేదాన్ని. అతను ఆయిల్ మారుస్తూనే టైర్లు చూసేవాడు, బ్రేక్ చూసేవాడు, "అక్కా, వైపర్లు పోయినయ్, వానలొచ్చే లోపల మార్చుకో" అనేవాడు. దానికి విడిగా డబ్బు తీసుకునేవాడు కాదు. ఎలక్ట్రిక్ కారు వచ్చాక అతని దగ్గరికి వెళ్ళే పనే లేకుండా పోయింది. ఏడాదికోసారి కంపెనీ సర్వీసు, అంతే. ఆయిల్‌తో పాటు కారును చూసే ఒక మనిషి కన్ను కూడా పోయింది. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండేళ్ళ కిందటి జూన్‌లో మా బాబాయి కూతురి పెళ్ళి విజయవాడలో. నేను, అమ్మ, నాన్న ఎల్బీ నగర్ నుంచి మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవర్‌గా చేసి గుడివాడ డిపోలో రిటైరయ్యారు. నా కారులో అంత దూరం రావడం ఆయనకు అదే మొదలు. సూర్యాపేటలో ఛార్జింగ్ పెట్టి, టిఫిన్ తిని, మళ్ళీ రోడ్డెక్కాం. కోదాడ దాటేసరికి చీకటి పడుతోంది. బ్యాటరీలో 71 శాతం ఉంది. ఇక విజయవాడ దాకా ఏ టెన్షనూ లేదనుకున్నాను.

అంతకుముందు ఎండాకాలం అంతా ఆ కారు మా ఆఫీసు ముందు నీడ లేని చోటే ఉండేది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రాయికే ఆ గతి పడితే అద్దానికి అంటుకుని కాలే రబ్బరు సంగతి చెప్పాలా? మృగశిర వచ్చి నాలుగు రోజులైంది. మొదటి పెద్ద వాన మాకు ఆ హైవే మీదే పడింది.

ముందు నాలుగు చినుకులు పడ్డాయి. సెన్సర్ ఉన్న కారు కాబట్టి వైపర్లు వాటంతటవే కదిలాయి, అద్దం మీద నెల రోజుల దుమ్మంతా బురద పూతలా పరుచుకుంది. వాషర్ నీళ్ళు కొడితే ఒక రంధ్రం నుంచి సన్నటి ధార వచ్చింది, రెండోదాంట్లోంచి అసలు రాలేదు. మరో నిమిషానికి కుండపోత. ముందు లారీ చక్రాల నుంచి బురదనీళ్ళు అద్దం నిండా పడుతున్నాయి. ఆ లారీకి వెనక బురద చిమ్మకుండా ఆపే మడ్‌ఫ్లాప్‌లు లేవు. సరిగ్గా అప్పుడే నా వైపు వైపర్ రబ్బరు జానెడు మేర ఊడి తోకలా కొట్టుకోవడం మొదలైంది. ఊడినచోట లోపలి రేకు అద్దాన్ని గీకుతోంది. ఎలక్ట్రిక్ కారులో ఇంజన్ చప్పుడు ఉండదు కదా, ఆ గీకుడు నేరుగా పళ్ళ మీద గీసినట్టు వినిపించింది. ఎదురుగా వచ్చే లైట్లు అద్దం మీద వెయ్యి ముక్కలై రోడ్డే కనబడలేదు.

నాన్న గొంతు పెంచలేదు. "అమ్మాయ్, హజార్డ్ లైట్లు వెయ్యి. బ్రేక్ గట్టిగా తొక్కకు. ఎడమ గీత చూసుకుంటూ మెల్లగా పక్కకి తియ్యి" అన్నారు. అలా పాక్కుంటూ వెళ్ళి ఒక టీ కొట్టు రేకుల షెడ్డు కిందికి చేరాం. నా చేతులు స్టీరింగ్ మీద నుంచి కాసేపటి దాకా రాలేదు.

నాన్న దిగి వైపర్ పైకెత్తబోయారు. లేవలేదు. మా కారులో వైపర్లు బానెట్ అంచు కిందికి దూరి ఉంటాయి. కొంచెం బలం పెట్టేసరికి బానెట్ అంచున పెయింటు లేచింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "బస్సులో అయితే వైపర్ సగంలో ఉండగా స్విచ్ కట్టేస్తే అక్కడే ఆగేది" అన్నారు. అలాగే చేశాం. కారు ఆఫ్ చేసినా అవి బుద్ధిగా కిందికొచ్చి పడుకున్నాయి. ఫోనులో వెతుకుదామంటే సిగ్నల్ లేదు. అమ్మే గుర్తుచేసింది, కారుతో ఇచ్చిన పుస్తకం డాష్‌బోర్డ్ అరలో ఉంటుంది కదా అని. కవర్ విప్పి, టార్చి వెలుగులో పేజీలు తిప్పి పట్టుకున్నాం. కారు ఆఫ్ చేసిన వెంటనే వైపర్ లీవర్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే రెండు వైపర్లూ పైకి లేచి నిలబడతాయట. నిలబడ్డాయి. దీన్ని సర్వీస్ పొజిషన్ అంటారు. కొన్ని కార్లలో తెర మీది మెనూలో ఉంటుంది, కొన్నిట్లో లీవర్‌తో చేయాలి.

తర్వాత నాన్న చేసింది చూసి నేర్చుకున్నాను. ఎడమ వైపు పొట్టి బ్లేడు బాగానే ఉంది. దాన్ని ఊడదీసి నా వైపు ఆర్మ్‌కు, అంటే బ్లేడును పట్టుకునే కడ్డీకి, తగిలించారు. కొక్కెం రెండింటికీ ఒకటే. అద్దం పై భాగం తుడవదు గానీ డ్రైవర్ కళ్ళ ముందు ఉన్నంత మేర తుడుస్తుంది. బ్లేడు లేని ఎడమ ఆర్మ్ ఇనుప కొన అద్దాన్ని పగలగొట్టకుండా తన తువ్వాలు చుట్టి, టీ కొట్టతన్ని అడిగి తెచ్చిన పురికొసతో బిగించారు. అక్కడే టీ తాగుతున్న లారీ డ్రైవర్ దగ్గర రెండు బీడీలు అడిగి, చించి, ఆ పొగాకును తడి అద్దం ఎడమ భాగానికి, పక్క అద్దాలకి రుద్దారు. నీళ్ళు బొట్లుగా నిలబడకుండా పొరలా జారిపోయాయి. వైపర్ పాడైన రాత్రుల్లో పాత డ్రైవర్లంతా చేసిన పనేనట.

అక్కడి నుంచి నలభై దాటకుండా వెళ్ళాం. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చేరేసరికి వాన తగ్గింది. పెళ్ళివారింటికి వెళ్ళేసరికి పదిన్నర. నాన్న నన్ను అడిగింది ఒక్కటే, "ఈ బ్లేడు ఎప్పుడు మార్చావు?" అని. కొన్నప్పటి నుంచీ మార్చలేదు.

అసలు కోపం తర్వాత వచ్చింది. ఆ ప్రయాణానికి ఆరు వారాల ముందే ఏడాది సర్వీసు చేయించాను. ఇంటికొచ్చి ఆ కాగితం తీసి చూస్తే "వైపర్లు" అన్నచోట టిక్కు కొట్టి ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, కారు కడిగారు, సెంటు కొట్టారు. రబ్బరు వేలితో ముట్టుకున్నవాడు లేడు. అందుకే సర్వీసు కాగితం మీది టిక్కును ఇప్పుడు నేను లెక్కలోకి తీసుకోను. ఇంటికి రాగానే నా వేలితో నేనే చూసుకుంటాను.

ఇప్పుడు నెలకోసారి, ఆదివారం పొద్దున పది నిమిషాలు. వైపర్లను సర్వీస్ పొజిషన్‌లో పెట్టి, ఆర్మ్ ఎత్తే ముందు అద్దం మీద మందపాటి గుడ్డ పరుస్తాను. స్ప్రింగు చాలా గట్టిది, బ్లేడు లేని ఆర్మ్ చేజారి పడితే అద్దం పగులుతుంది. కొత్త మోడళ్ళలో అద్దం వెనక, పైభాగంలో కెమెరా ఉంటుంది. అద్దం మారిస్తే ఆ కెమెరాను కూడా మళ్ళీ సరిచేయించాలి, ఖర్చు మామూలుగా ఉండదు. తడిగుడ్డతో రబ్బరు అంచును నలుపు రావడం ఆగేదాకా తుడుస్తాను. తర్వాత గోటితో తడుముతాను. గరుకుగా ఉన్నా, చీలిక తగిలినా, వంచితే వెనక్కి రాకపోయినా దాని పని అయిపోయింది.

అద్దం మీద సన్నటి గీత ఒక్కటే మిగిలితే రబ్బరుకు ఇసుక అంటుకుందనో, గాటు పడిందనో అర్థం. టకటక ఎగురుతుంటే రబ్బరు గట్టిపడింది, లేదా కార్ వాష్‌లో పూసిన పాలిష్ అద్దానికి అంటింది. ఒక చోట పట్టీలా తుడవకుండా వదిలేస్తే బ్లేడు వంగింది. మెత్తబడుతుందని కొందరు రబ్బరుకు కొబ్బరినూనె రాస్తారు, దయచేసి రాయకండి, మొదటి వానకే అద్దమంతా జిడ్డవుతుంది. ఎండలో వైపర్లు పైకెత్తి నిలబెట్టడం కూడా నాకు నచ్చదు. ఎండ దానికి ఎలాగూ తగులుతుంది, పైగా ఎవరి చెయ్యి తగిలినా ఠపీమని పడుతుంది. అద్దం మీదా వైపర్ల మీదా కలిపి ఒక కవర్ కప్పితే సరిపోతుంది. ఎలా ఉన్నా మే నెలాఖరుకు నేను రెండూ మార్చేస్తాను. మామూలు కార్లకు మంచి బ్లేడ్ల జత వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. సైజు డ్రైవర్ వైపు ఒకటి, రెండో వైపు ఇంకొకటి ఉంటుంది, పాతవి పట్టుకెళ్ళి కొలిపించండి.

మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అబ్బాయితో నాకు రోజూ వాదనే. పొడిగుడ్డతో అద్దం తుడుస్తాడు, దుమ్ములోని ఇసుకంతా గీతలు పెడుతుంది. ఇంకొందరు ఆర్‌ఓ మెషీన్ నుంచి వదిలేసే నీళ్ళు వృథా అవుతున్నాయని వాటితో కార్లు కడిగిస్తారు. అవి మామూలు బోరు నీళ్ళకన్నా ఉప్పు నీళ్ళు. ఆరాక తెల్లటి మచ్చలు పడతాయి, వాషర్ డబ్బాలో పోస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. నాది మూసుకుపోయింది బోరు నీళ్ళతోనే. సూదితో పొడిచి తెరిచాను. ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి, గుడ్డలో వడగట్టి పోయండి, వాటిలో ఉప్పు ఉండదు. కొంచెం వాషర్ లిక్విడ్ కలిపితే చాలు. బట్టల సర్ఫు, షాంపూ వద్దు.

రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌తో కారు వెళ్ళే దూరం, తగ్గుతుందని వానలో వైపర్లు, ఏసీ వాడకుండా నడిపేవాళ్ళను కూడా చూశాను. వైపర్ మోటారు తినే కరెంటు ఆ పెద్ద బ్యాటరీ ముందు ఏ మూలకూ రాదు. ఏసీకి కొంచెం పోతుంది, పోనివ్వండి. ఏసీ వేయక అద్దం లోపల ఆవిరి పట్టాక బ్యాటరీలో ఎంత ఉంటే ఏం లాభం?

మిగతావి చూడటం తేలికే. ఎలక్ట్రిక్ కారు అదే సైజు పెట్రోల్ కారుకన్నా బరువు, పైగా తొక్కగానే దూకుతుంది, అందుకని టైర్లు త్వరగా అరుగుతాయి. గాలి పదిహేను రోజులకోసారి చూసుకోండి, పదివేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, ఎందుకంటే వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది. కానీ వాడకపోతే వానాకాలంలో డిస్కులు తుప్పు పడతాయి, ఖాళీ రోడ్డు మీద అప్పుడప్పుడూ బ్రేక్ కొంచెం గట్టిగా తొక్కాలి. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్పించండి. బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ తగ్గితే దొరికిన నీళ్ళు పోయకండి, కంపెనీ చెప్పిందే పోయించండి. ఎక్కువ వోల్టేజీ కరెంటు పారే ఆరెంజ్ రంగు వైర్ల జోలికి మీరూ వెళ్ళొద్దు, మామూలు మెకానిక్‌నూ వెళ్ళనివ్వొద్దు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి విడిగా ఉంటుంది. వైపర్లు, లైట్లు, తాళాలు నడిచేది దాని మీదే. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు.

మీరు కారు కొనే రోజున షోరూంలో పూలదండ, ఫొటో కార్యక్రమం అయ్యాక ఒక పని చేయండి. వైపర్లను సర్వీస్ పొజిషన్‌లో పెట్టి చూపించమనండి. చాలాచోట్ల అమ్మే అబ్బాయికి తెలియదు. ఫర్వాలేదు, పుస్తకం కవర్ అక్కడే చింపి, ఆ పేజీ తీసి, మీ చేత్తో మీరే ఒకసారి చేసి చూసి, అప్పుడు కారు బయటికి తీయండి.