పాస్టర్‌గారు చెప్పిన పార్టీకే ఓటు వేయాలా?

"మా పాస్టర్‌గారు ఫలానా పార్టీకే వేయమంటున్నారు, వేయకపోతే దేవుని చిత్తానికి ఎదురు వెళ్లినట్టేనట. నాన్నేమో విశ్వాసులకు రాజకీయాలు ఎందుకు, అసలు వెళ్లొద్దు అంటున్నారు. ఇది నా మొదటి ఓటు, ఏం చేయాలి?" అని అడిగావు.

వందనాలు తమ్ముడూ. నేను ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ బడి టీచర్‌ని. మాది నాలుగు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. ఎన్నికల డ్యూటీలు కూడా చేశాను కాబట్టి ఓటు వేసేవాళ్లను దగ్గర నుంచి చూశాను. ముందు అందులో ఒక సంగతి చెబుతాను.

2019 ఏప్రిల్ 11న పోలింగ్. ఆ రోజు నాది వేలికి సిరా పూసే పని. మధ్యాహ్నం ఎండలో ఒక ముసలమ్మ వచ్చింది. తెల్ల చీర, మెడలో చిన్న సిలువ, ఓటరు స్లిప్పును నాలుగు మడతలు పెట్టి గుప్పెట్లో పట్టుకుంది. సిరా పూస్తుంటే నా వైపు వంగి, "అమ్మా, అయ్యగారు చెప్పిన గుర్తు పైనుంచి ఎన్నోది?" అని అడిగింది. నేను చెప్పకూడదు. "మీకు నచ్చింది నొక్కండమ్మా" అన్నాను. లోపలికి వెళ్లి చాలాసేపు నిలబడిపోయింది. బీప్ రాదే! ఏజెంట్లు గొణుగుతున్నారు. చివరికి బీప్ వచ్చింది. ఏ గుర్తుకు పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది కదా, కంగారులో అది కూడా చూసుకోలేదట. బయటికి వస్తూ నా టేబుల్ దగ్గర ఆగి, "తప్పు నొక్కానేమో. దేవుడు ఏమీ అనుకోడు కదమ్మా?" అంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

ఆ వణుకు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆవిడకు ఆ భయం పెట్టింది యేసు ప్రభువు కాదు.

నీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. ఫలానా అభ్యర్థికి వేయకపోతే దేవుని కోపానికి గురవుతావని ఓటరును నమ్మించడం ఎన్నికల్లో అనుచిత ఒత్తిడి కిందికి వస్తుందని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. మతం పేరు చెప్పి ఓటు అడగడమూ అదే సెక్షన్‌లో ఉంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్, నలుగురి మెజారిటీతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనంది. చట్టం సంగతి అలా ఉంచు. దేవుడు తన పేరును ఏ పార్టీ గుర్తు పక్కనా రాసుకోమని ఇవ్వలేదు. ఇది నా గట్టి నమ్మకం.

పాస్టర్లు రాజకీయం మాట్లాడకూడదని నేను అనను. లంచం పాపమని, పేదవాడి కూలి ఎగ్గొట్టడం పాపమని, అబద్ధపు ప్రచారం పాపమని పుల్పిట్ మీద నుంచి ఎంత గట్టిగా చెప్పినా మంచిదే. పార్టీ పేరు పలికిన దగ్గర ఆగిపోవాలి. ఎందుకంటే ఆ మందిరంలో అవతలి పార్టీకి వేసేవాళ్లు కూడా అదే రొట్టె, అదే గిన్నెలో పాలుపంచుకుంటున్నారు.

ఒక ఎన్నికల ముందు ఆదివారం మా మందిరానికి ఒక అభ్యర్థి వచ్చారు. ఆయన కోసం ఎవరి ఇంట్లోంచో సోఫా తెచ్చి పుల్పిట్ పక్కన వేశారు. ముందు వరసలో చాప మీద కూర్చున్న కూలి పనుల ఆడవాళ్లను వెనక్కి జరగమన్నారు. శాలువా కప్పారు. స్లాబుకు సిమెంటు ఇస్తామని ఆయన అంటే చప్పట్లు. నా ఒళ్లో బైబిల్ ఉంది, యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీశాను. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడిని మంచి చోట కూర్చోమని, మురికి బట్టల దరిద్రుణ్ణి నా పాదపీఠం కింద కూర్చోమని అంటే మీరు పక్షపాతులు కారా అని అడుగుతాడు అక్కడ. అక్షరాలా మా మందిరమే. ఆ రోజు లేచి మాట్లాడలేకపోయాను, ఆ బాధ ఉంది.

డబ్బు సంగతి ఇంకా దగ్గరది. ఆ రాత్రే మా ఇంటికీ కవరు వచ్చింది, నాలుగు ఓట్లకు లెక్కకట్టి. అమ్మ తీసుకుంది. "వాళ్ల సొమ్మేం కాదుగా, ఓటు మన ఇష్టం" అని బైబిల్‌లో పెట్టింది. ఆమె డబ్బులన్నీ అక్కడే దాచుకుంటుంది. ఆదివారం ఆ కవరులోంచే దశమ భాగం తీసి కానుక సంచిలో వేసింది! అమ్మ ఎంత నిజాయితీగా వేసిందో నాకు తెలుసు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది. "లంచము దృష్టిగలవానికి గ్రుడ్డితనము కలుగజేసి" అని నిర్గమకాండం 23లో ఉంది. ఆ సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. 2024లో కవరు తెచ్చిన కుర్రాడితో తనే "వద్దు నాయనా" అంది. "తీసుకోకపోతే మీ ఓట్లు అవతలివాళ్లవని రాసుకుంటాం" అన్నాడు వాడు. రాసుకో అంది. ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ చట్టరీత్యా నేరమే.

మరి ఎవరికి వేయాలి? క్రైస్తవుడు నిలబడ్డాడు కాబట్టి వేయాలనే మాట నేను ఒప్పుకోను. నిర్గమకాండం 18లో మోషే మామ యిత్రో, సామర్థ్యం, దైవభక్తి, సత్యాసక్తి ఉండి లంచగొండులు కానివాళ్లను ఏర్పరచుకొమ్మని మోషేకు చెప్పాడు. నేను అభ్యర్థి అఫిడవిట్ చూస్తాను. కేసులు, ఆస్తులు అన్నీ ఎన్నికల సంఘం సైట్‌లో ఉంటాయి. ఆ మనిషి గెలిస్తే నాకంటే బలహీనుడికి ఏమవుతుందని అడుగుతాను. మన ఆరాధన స్వేచ్ఛ గురించి ఆలోచించడం తప్పు కాదు, ఆలోచించాలి కూడా. అదొక్కటే చూడటం మాత్రం చాలదు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు క్రైస్తవులు మాత్రమే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని బ్రిటిష్ కాలంలోనే గట్టిగా వాదించారు. సంఘం తన లాభం చూసుకునే వర్గంగా మారితే సువార్తకే నష్టమని ఆయన భయం. ఆ భయం సరైనదే.

నాన్నగారి మాటకొస్తాను. రాజకీయం మురికి అని ఆయన ఎందుకు అంటున్నారో అర్థమవుతుంది, సోఫా కథ విన్నావు కదా. కానీ మనం వెళ్లకపోయినా రాజకీయం మన ఇంటికి వస్తూనే ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు, మనకు కాలేదు. నాతో చదువుకున్నవాళ్లలో సర్టిఫికెట్ కోసం బాప్తిస్మం దాచుకున్నవాళ్లున్నారు. ఆ బరువు నాన్నగారికి నాకంటే బాగా తెలిసి ఉండొచ్చు.

మా ఒంగోలు వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి మా అమ్మమ్మ చెప్పేది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సర్కారు పనిలో దిగడం ఆయనకు లోకసంబంధం అనిపించలేదు. "పట్టణముయొక్క క్షేమము కోరి" ప్రార్థించమని యిర్మీయా రాసింది కూడా బబులోను చెరలో ఉన్నవాళ్లకే.

ఓటుతో పని అయిపోదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు మా స్త్రీల సమాజం నుంచి పదకొండు మందిమి వెళ్లాం. వానాకాలంలో సమాధుల దొడ్డికి శవాన్ని మోకాటి లోతు బురదలో మోసుకెళ్లాలి. ఆ దారి గురించి అడిగాం. పక్కనే ఉన్న శ్మశానానికీ అదే దారి కాబట్టి ఊళ్లో హిందువులు కూడా మాతో లేచి నిలబడ్డారు. సగం దూరం గ్రావెల్ పడింది. మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నాం.

పాస్టర్‌గారితో గొడవ పెట్టుకోకు. వాళ్ల ఇంటికి వెళ్లి, ఒంటరిగా ఉన్నప్పుడు, "అయ్యగారూ, మీ మాటకు భయపడి కాకుండా ప్రార్థించి వేస్తాను, నాకోసం ప్రార్థన చేయండి" అని చెప్పు. నాన్నగారిని నీతో పాటు బూత్‌కు రమ్మను. ఎవరికి వేశావని అడిగితే ఇద్దరికీ చెప్పనక్కర్లేదు.